అఫెన్సివ్ లైన్ కుప్పకూలిందా? డ్రాఫ్టా, ఫ్రీ ఏజెన్సీయా, ట్రేడా, స్కీమ్ మార్పా: ఏ జట్టుకు ఏది సరిపోతుంది

క్వార్టర్‌బ్యాక్ (బంతిని విసిరే ఆటగాడు) కిందపడిన ప్రతిసారీ టీవీ కెమెరా అతని ముఖం మీదికే పోతుంది. అతన్ని కాపాడాల్సిన ఐదుగురి (ఇదే అఫెన్సివ్ లైన్: మధ్యలో సెంటర్, అతని రెండు పక్కలా గార్డులు, అంచుల్లో టాకిల్స్) పేర్లు చాలామందికి సీజన్ ముగిశాక గానీ నోట్లోకి రావు. అప్పుడు వాదన మొదలవుతుంది. డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునేచోట, మొదటి రౌండులోనే టాకిల్‌ని తీసుకోవాల్సిందేనని ఒకరు, మార్చిలో ఫ్రీ ఏజెన్సీలో, అంటే ఏ జట్టుతోనూ ఒప్పందం లేని ఆటగాళ్ల మార్కెట్లో, డబ్బు పెట్టి కొనుక్కోవాలని ఇంకొకరు, అసలు కోచ్‌నే మార్చాలని మరొకరు. డాలస్, హ్యూస్టన్, న్యూజెర్సీల్లో స్థిరపడి ఆదివారం ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) చూసే తెలుగు కుటుంబాల్లోనూ ఈ వాదన మామూలే. ఆ మూడు చోట్ల జట్లూ గత పదిహేనేళ్లలో ఈ ప్రశ్నకు మూడు వేర్వేరు జవాబులు ప్రయత్నించి చూశాయి.

ఈ మార్గాల్లో ఏదీ అన్నివేళలా సరైనది కాదు. లైన్ ఎందుకు ఓడుతోందో తేల్చుకోకుండా మందు ఎంచుకుంటే, కోట్ల డాలర్లు పోసినా మళ్లీ అదే చోట దెబ్బ తగులుతుంది. అందుకే ముందు కొలమానాలు చూద్దాం, ఆ తర్వాత మార్గాలు.

## మొదటి కొలమానం: జబ్బు ఎక్కడుంది

సాక్‌ల (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను పడేయడం) సంఖ్య ఒక్కటే చూసి లైన్‌ను తిట్టకండి. సాక్‌లో లైన్ వాటా ఉంటుంది, క్వార్టర్‌బ్యాక్ వాటా ఉంటుంది, పాస్ పట్టే రిసీవర్లు ఖాళీ సంపాదించలేకపోవడం కూడా ఉంటుంది. ఆట రికార్డు చేసుకుని, స్నాప్ (సెంటర్ బంతిని వెనక్కి అందించే క్షణం) నుంచి గడియారం పెట్టి ఈ నాలుగూ గమనించండి.

ఎంతసేపటికి ఒత్తిడి వచ్చింది. బ్లాక్ నిలబడిందా లేదా అని లెక్కగట్టేవాళ్లు ఈఎస్పీఎన్ కొలతలో 2.5 సెకన్లను గీతగా పెట్టుకున్నారు. ఆ లోపే రషర్ (దూసుకొచ్చే డిఫెన్స్ ఆటగాడు) క్వార్టర్‌బ్యాక్ దగ్గరికి వచ్చేస్తే తప్పు లైన్‌దే. మూడున్నర సెకన్లు దాటాక సాక్ పడితే లైన్ తన పని చేసిందనే అర్థం. ఎవరైనా అంతసేపు ఆపలేరు.

ఎంతమంది రష్ చేస్తే వచ్చింది. నలుగురే వచ్చి చొచ్చుకుపోతుంటే మనవాళ్లు ఒకరితో ఒకరుగా ఓడుతున్నారు. అది మనుషుల సమస్య. ఐదారుగురు వచ్చినప్పుడు ఒకడు ఎవరూ తాకకుండా నేరుగా వచ్చేస్తే అది మాట పొసగని సమస్య: సెంటర్ పిలుపు తప్పిందో, రన్నింగ్ బ్యాక్ (బంతితో పరిగెత్తేవాడు) తప్పు వైపు చూశాడో. ఇంకో సంగతి. ఐదుగురు బ్లాకర్లు ఉంటే ఆరో రషర్ ఎవరి లెక్కలోకీ రాడు. వాడికి జవాబు బంతిని వెంటనే విసిరేయడమే, కాబట్టి అది క్వార్టర్‌బ్యాక్ బాధ్యత.

లోపలి నుంచా, అంచు నుంచా. అంచు నుంచి డిఫెన్సివ్ ఎండ్ వస్తే క్వార్టర్‌బ్యాక్ ఒక అడుగు ముందుకు జరిగి పాకెట్‌లో (లైన్ కాపు కాసే జాగాలో) నిలబడి విసరగలడు. గార్డ్, సెంటర్ మధ్యలోంచి వస్తే జరగడానికి చోటుండదు, కాలు ముందుకు వేసి విసరడానికీ వీలుండదు. అందుకే రెండు మంచి టాకిల్స్, ఒక బలహీనమైన గార్డ్ ఉన్న లైన్ కాగితం మీద కనిపించినంత బాగా ఆడదు.

స్టంట్ల (రషర్లు దారులు మార్చుకునే ఎత్తుల) దగ్గర ఏం జరుగుతోంది. డిఫెన్సివ్ ఎండ్ లోపలికి దూకి గార్డ్‌ను గుద్దుతాడు, వెనకనుంచి డిఫెన్సివ్ టాకిల్ చుట్టూ తిరిగి బయటికొస్తాడు. మన గార్డ్, టాకిల్ ఒకే లోతులో నిలబడితే మనుషుల్ని ఒకరికొకరు అప్పగించుకోగలరు. గార్డ్ భుజాలు తిప్పేసి తన మనిషి వెంట పోతే మధ్యలో దారి తెరుచుకుంటుంది. ప్రతి ఆటలోనూ ఇదే చూస్తుంటే ఆ ఐదుగురికి కలిసి ఆడిన అలవాటు చాలలేదన్నమాట. కొత్త స్టార్‌ను తెస్తే అది తీరదు సరికదా, కొంతకాలం ఇంకా పెరుగుతుంది.

ఈ నాలుగూ చూశాక మీ జట్టు సమస్యకు ఒక పేరు పెట్టగలగాలి: మనుషులు చాలడం లేదు, మాట కుదరడం లేదు, లేదా ఆడిస్తున్న ఆట వాళ్లకు సరిపోవడం లేదు.

## మిగతా కొలమానాలు

ఎప్పటికి బాగుపడాలి అనేది ఒకటి. ముప్పై ఐదేళ్ల క్వార్టర్‌బ్యాక్ ఉన్న జట్టు 2 ఏళ్లు ఆగలేదు. 22 ఏళ్ల రూకీ (లీగ్‌లో మొదటి ఏడాది ఆడేవాడు) ఉన్న జట్టు ఆగగలదు, కానీ ఆ రెండేళ్లలో అతను దెబ్బలు తిని భయం అలవాటు చేసుకుంటే ఆగిన ఫలితం దక్కదు.

ఖర్చు రెండు రకాలు: సాలరీ క్యాప్‌లో (జట్టు మొత్తం జీతాల పరిమితిలో) డబ్బు, డ్రాఫ్ట్ పిక్‌లు (ఎంచుకునే వంతులు). 2025లో క్యాప్ 27.92 కోట్ల డాలర్లు. ఆ ఏడాది ట్రే స్మిత్ అనే గార్డ్‌కు కాన్సాస్ సిటీ 4 ఏళ్లకు 9.4 కోట్లు ఒప్పుకుంది. అంటే ఒక గార్డ్ ఏడాదికి సగటున 2.35 కోట్లు. గార్డ్ చౌక స్థానం అన్న పాత లెక్క ఇప్పుడు పనికిరాదు.

చివరిది, నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది: అతి బలహీనమైన చోటు ఎంత మెరుగవుతుంది. చెరువు కట్ట ఎంత పొడవున్నా గండి పడేది పలచబడ్డ చోటే. డిఫెన్సివ్ కోఆర్డినేటర్ మంగళవారం కూర్చుని మీ ఐదుగురిలో చివరివాణ్ని వెతుకుతాడు, ఆదివారం తన మంచి రషర్‌ను అతని ఎదురుగా నిలబెడతాడు. కాబట్టి బాగా ఆడుతున్న చోట అద్భుతమైన ఆటగాణ్ని తేవడం కన్నా ఘోరంగా ఉన్న చోట మామూలు ఆటగాణ్ని తేవడమే ఎక్కువ ఫలితం ఇస్తుంది.

| మార్గం | ఫలితం ఎప్పుడు | ప్రధాన ఖర్చు | ఎక్కడ దెబ్బతింటుంది | ఏ జబ్బుకు |
|---|---|---|---|---|
| డ్రాఫ్ట్ | 1 నుంచి 3 ఏళ్లు | పిక్, ఓపిక | కాలేజీ ఆట ఇక్కడ సరిపోకపోవడం | మనుషులు చాలకపోతే, కాలం ఉంటే |
| ఫ్రీ ఏజెన్సీ | అదే సెప్టెంబరు | క్యాప్ | ఎక్కువ ధర, వయసు, డెడ్ మనీ | ఒకటి రెండు చోట్ల గండి ఉంటే |
| ట్రేడ్ | వెంటనే | పిక్‌లు, ఆపై కొత్త కాంట్రాక్ట్ | ఆటగాడి చేతికి బేరం వెళ్లిపోవడం | ఒక్క స్థానమే లోటైతే |
| స్కీమ్ మార్పు | రెండు మూడు వారాలు | దాడిలో కొంత భాగం | ప్రత్యర్థులు పసిగట్టడం | సీజన్ మధ్యలో, లేదా ఆట సరిపోకపోతే |
| లైన్ కోచ్, స్థానాల మార్పు | ఒక ఆఫ్‌సీజన్ | దాదాపు ఏమీ లేదు | ఒక గండి పూడ్చబోయి రెండు తెరవడం | మాట కుదరకపోతే, టెక్నిక్ లోపమైతే |

## డ్రాఫ్ట్: చౌక, కానీ నిదానం

మొదటి రౌండు ఆటగాడైతే 4 ఏళ్ల కాంట్రాక్ట్, దానిపై జట్టు చేతిలో ఐదో ఏడాది ఆప్షన్. మిగతా రౌండ్లకు 4 ఏళ్లే. మంచివాడు దొరికితే అంతకాలం తక్కువ జీతానికి ఆడతాడు. డాలస్ తన గొప్ప లైన్‌ను ఇలాగే కట్టింది: 2011లో 9వ పిక్‌తో టైరన్ స్మిత్, 2013లో 31వ పిక్‌తో ట్రావిస్ ఫ్రెడరిక్, 2014లో 16వ పిక్‌తో జాక్ మార్టిన్. డెట్రాయిట్ కూడా అంతే: 2016లో టేలర్ డెకర్, 2018లో ఫ్రాంక్ రాగ్నో, 2021లో 7వ పిక్‌తో పెనై సూవెల్, ముగ్గురూ మొదటి రౌండే. ఈ రెండు జట్ల లెక్కల్లో ఏళ్లు చూడండి. ముగ్గురు మూలస్తంభాలకు డాలస్‌కు 4 డ్రాఫ్టులు పట్టాయి, డెట్రాయిట్‌కు 6.

ఎందుకింత నిదానం? కాలేజీల్లో చాలా జట్లు స్ప్రెడ్ ఆట (రిసీవర్లను మైదానం వెడల్పునా పరిచే ఆట) ఆడతాయి. టాకిల్ నిలబడి మొదలుపెడతాడు, బంతి క్షణంలో వెళ్లిపోతుంది, చెయ్యి నేలకు ఆనించి లోతైన పాస్‌కు కాపు కాయాల్సిన స్నాప్‌లు తక్కువ. ఎన్ఎఫ్ఎల్‌లోకి వచ్చాక నేర్పడానికి సమయమూ తక్కువే. 2011లో లీగ్, ఆటగాళ్ల సంఘం చేసుకున్న ఒప్పందం రోజుకు రెండుసార్లు ప్యాడ్లతో సాధన చేయించడాన్ని ఆపేసింది, రెగ్యులర్ సీజన్ మొత్తానికి ప్యాడ్ల సాధనలను 14కు కుదించింది. ఆటగాళ్ల శరీరాలకు అది మేలే. కానీ గుద్దుకుంటే తప్ప రాని విద్య లైన్‌మెన్‌ది, దాన్ని నేర్చుకునే గంటలు తగ్గిపోయాయి.

అంచనా ఎంత కష్టమో 2020 డ్రాఫ్ట్ చెబుతుంది. నలుగురు టాకిల్స్ మొదటి 13 పిక్‌లలో వెళ్లారు: 4వ చోట ఆండ్రూ థామస్, 10వ చోట జెడ్రిక్ విల్స్, 11వ చోట మెకై బెక్టన్, 13వ చోట ట్రిస్టన్ వర్ఫ్స్. చివర వెళ్లిన వర్ఫ్స్ రెండో ఏడాదికే ఆల్-ప్రో (ఆ ఏడాది లీగ్ మేటి ఆటగాళ్ల జాబితా)లో చేరాడు. మొదట వెళ్లిన థామస్ న్యూయార్క్ జెయింట్స్‌లో రూకీ ఏడాది నానా తంటాలు పడి, మూడో సీజన్‌కు ఆల్-ప్రో రెండో జట్టులోకి ఎక్కాడు. అదే జెయింట్స్ 2022లో 7వ పిక్ పెట్టిన ఎవన్ నీల్ మాత్రం కుదురుకోలేదు, ఐదో ఏడాది ఆప్షన్ కూడా జట్టు వద్దనుకుంది. ఒకే జట్టు, ఒకే స్థాయి పిక్‌లు, రెండు వేర్వేరు ఫలితాలు.

డ్రాఫ్ట్ దారి పట్టే జట్టుకు రెండు పనికొచ్చే మాటలు. రూకీని లెఫ్ట్ టాకిల్‌గా దించేటప్పుడు పక్కన అనుభవమున్న గార్డ్ ఉండాలి. ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన పెడితే స్టంట్లతో చంపేస్తారు. రెండోది, సెంటర్లూ గార్డులూ రెండు మూడు రౌండ్లలో బాగా దొరుకుతారు, టాకిల్స్ కోసమే మొదటి రౌండు దాచుకోండి. ఫిలడెల్ఫియా లాండన్ డికర్సన్‌ను, కామ్ జర్గన్స్‌ను, కాన్సాస్ సిటీ క్రీడ్ హంఫ్రీని తెచ్చుకున్నది రెండో రౌండులోనే.

## ఫ్రీ ఏజెన్సీ: గండి పూడుతుంది, ధర ఎక్కువ

మార్కెట్ మార్చి మధ్యలో తెరుచుకుంటుంది, డ్రాఫ్ట్ ఏప్రిల్ చివర. ఈ వరుసను తేలిగ్గా తీసుకోకండి. మార్చిలో కనీసం మామూలు ఆటగాడితోనైనా చోటు నింపుకున్న జట్టు ఏప్రిల్‌లో ఎదురుగా ఉన్న మంచి ఆటగాణ్ని ఎంచుకోగలదు. నింపుకోని జట్టు అవసరం తరుముతుంటే రెండు మెట్లు కింద ఉన్న టాకిల్‌ను తీసుకుంటుంది.

మంచి లైన్‌మన్ మార్కెట్లోకి ఎందుకు వస్తాడు అన్నది అడగాల్సిన మొదటి ప్రశ్న. సొంత జట్టు వదిలేస్తోందంటే వయసో, గాయమో, క్యాప్ ఇబ్బందో ఉండాలి. మూడోదైతే ధైర్యంగా కొనొచ్చు. 2018లో జెయింట్స్ నేట్ సోల్డర్‌కు 4 ఏళ్లకు 6.2 కోట్లు ఇచ్చింది. అప్పటికి లైన్‌మెన్‌లో అదే పెద్ద ధర. న్యూ ఇంగ్లండ్‌లో టామ్ బ్రేడీ బంతిని చకచకా వదిలేసే ఆటలో మెరిసిన టాకిల్, ఆ ఆట లేని చోట ధరకు తగ్గట్టు నిలబడలేదు. ఆటగాణ్ని కొన్నప్పుడు అతని చుట్టూ ఉన్న ఆట వెంట రాదు.

అదే దారిలో దక్కిన అందమైన ఫలితం 2017 లాస్ ఏంజిలెస్ ర్యామ్స్. 35 ఏళ్ల లెఫ్ట్ టాకిల్ ఆండ్రూ విట్‌వర్త్‌ను తెచ్చారు, సెంటర్‌గా జాన్ సలివన్‌ను పెట్టారు. 2016లో క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్ 7 మ్యాచ్‌లలో 26 సాక్‌లు తిన్నాడు, 2017లో 15 మ్యాచ్‌లలో 25. జట్టు 4-12 (4 గెలుపులు, 12 ఓటములు) నుంచి 11-5కు వెళ్లింది. ఇదంతా విట్‌వర్త్ ఒక్కడి ఖాతాలో వేయకూడదు, ఆ ఏడాదే కోచ్‌గా షాన్ మెక్‌వే వచ్చి ప్లే-యాక్షన్‌తో (పరుగు నటించి విసిరే ఎత్తుతో) ఆటనే మార్చేశాడు. కానీ టాకిల్ విషయంలో ముప్పై దాటిన వయసు చూసి జడవనక్కర్లేదని ఆ సంతకం నేర్పింది. అతను 40 ఏళ్లు నిండేదాకా ఆడి, సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచాకే మానేశాడు.

మూడు చోట్లా ఒకేసారి కొంటే ఏమవుతుంది? సిన్సినాటి చూడండి. 2021లో క్వార్టర్‌బ్యాక్ జో బరో రెగ్యులర్ సీజన్‌లో 51 సాక్‌లు, ప్లేఆఫ్స్‌లో ఇంకో 19 తిన్నాడు. టెన్నెసీ మీద ఒక్క మ్యాచ్‌లో 9 పడ్డా గెలిచి, చివరికి సూపర్ బౌల్‌లో 7 సాక్‌లతో 23-20 తేడాతో ఓడాడు. 2022 మార్చిలో జట్టు అలెక్స్ కాపా, టెడ్ కారస్, లయెల్ కాలిన్స్ ముగ్గురినీ తెచ్చింది. తర్వాతి సీజన్ మొదటి రెండు మ్యాచ్‌లలోనే 13 సాక్‌లు. పేర్లు బాగున్నాయి, ఒకరి పక్కన ఒకరు ఆడి ఎరగరు. నెల తిరిగాక కుదురుకున్నారు, సీజన్ 41 సాక్‌లతో ముగిసింది. అయితే ప్లేఆఫ్స్ నాటికి ఆ లైన్‌లో ముగ్గురు గాయాలతో పక్కకు పోయారు, కాన్సాస్ సిటీ మీద మళ్లీ 5 సాక్‌లు. ఐదుగురి మీదే డబ్బంతా పెట్టి ఆరో, ఏడో మనిషిని మరిచిపోతే జనవరిలో అదే జరుగుతుంది.

కాంట్రాక్ట్ చదివేటప్పుడు మొత్తం అంకె చూడకండి. గ్యారంటీ ఎంత, అది ఎన్నో ఏడాదికి తీరిపోతుంది అన్నదే అసలు ధర. సైనింగ్ బోనస్‌ను క్యాప్ లెక్కలో ఐదేళ్ల దాకా పరచవచ్చు. మధ్యలో తీసేస్తే మిగిలిన వాటా ఒక్కసారిగా డెడ్ మనీగా నెత్తిన పడుతుంది. 30 దాటిన వాడికి గ్యారంటీ రెండో ఏడాదితో అయిపోతే చాలు. ఇంకొకటి: వేరే జట్టు తీసేసిన ఆటగాణ్ని సంతకం చేయించుకుంటే కంపెన్సేటరీ పిక్‌ల (పోయిన ఆటగాళ్లకు బదులు లీగ్ ఇచ్చే అదనపు పిక్‌ల) లెక్కలో కోత పడదు, కాంట్రాక్ట్ ముగిసి వచ్చినవాడైతే పడుతుంది. సమాన ఆటగాళ్లిద్దరు ఉంటే మొదటివాణ్నే తీసుకోవాలి.

## ట్రేడ్: సంతకం ముందా, పిక్‌లు ముందా

ట్రేడ్‌లో (పిక్‌లు ఇచ్చి వేరే జట్టు ఆటగాణ్ని తెచ్చుకోవడంలో) ఆటగాడు ఏపాటివాడో తెలుసు, వెంటనే వస్తాడు. చిక్కు కాంట్రాక్ట్‌లో ఉంది. 2019 ఆగస్టు చివర్న హ్యూస్టన్ లెఫ్ట్ టాకిల్ లారెమీ టన్సిల్ కోసం మయామీకి రెండు మొదటి రౌండు పిక్‌లు, ఒక రెండో రౌండు పిక్ ఇచ్చింది. క్వార్టర్‌బ్యాక్ డిషాన్ వాట్సన్ అంతకు ముందు ఏడాది 62 సాక్‌లు తిన్నాడు మరి. సాక్‌లు 44కు దిగాయి. కానీ కొత్త కాంట్రాక్ట్ రాయించుకోకుండానే పిక్‌లు ఇచ్చేయడంతో బేరం టన్సిల్ చేతికి పోయింది. మరుసటి వసంతంలో అతను అడిగినంతా, 3 ఏళ్లకు 6.6 కోట్లు, ఇవ్వాల్సి వచ్చింది. 2020లో జట్టు 4-12తో కుదేలవడంతో మయామీకి వెళ్లిన పిక్ 3వదై కూర్చుంది. టన్సిల్ మంచి టాకిలే. అయినా ఒక్క మనిషికి అంత ఇచ్చాక మిగతా నాలుగు చోట్లు నింపడానికి చేతిలో ఏమీ మిగల్లేదు.

చిన్న ట్రేడ్లు తెలివైనవి. 2024లో షికాగో రూకీ కేలెబ్ విలియమ్స్ 68 సాక్‌లు తిన్నాడు, లీగ్‌లో అందరికన్నా ఎక్కువ. 2025 మార్చిలో జట్టు 2026 నాలుగో రౌండు పిక్ ఇచ్చి గార్డ్ జో తూనీని, ఆరో రౌండు పిక్ ఇచ్చి గార్డ్ జోనా జాక్సన్‌ను తెచ్చింది, సెంటర్ డ్రూ డాల్మన్‌ను ఫ్రీ ఏజెన్సీలో 3 ఏళ్లకు 4.2 కోట్లకు కొంది. లోపలి మూడు చోట్లూ కొన్ని రోజుల్లో మారిపోయాయి, మొదటి రౌండు పిక్ చెక్కుచెదరలేదు. తర్వాతి సీజన్‌లో సాక్‌లు బాగా తగ్గాయి. మునుపటి జట్టుకు జీతం బరువైన, ఆట తగ్గని ఆటగాడు ఇలాంటి ట్రేడ్‌కు సరైన సరుకు.

## స్కీమ్ మార్పు: మనుషులు మారకుండా

మనుషుల్ని మార్చలేనప్పుడు వాళ్లు నిలబడాల్సిన సమయాన్ని తగ్గించవచ్చు. ప్రతి ఉపాయానికీ ఒక మూల్యం ఉంది, దాన్ని తెలిసి చెల్లించాలి.

చకచకా విసిరే ఆట అందరూ మొదట పట్టుకునేది. షాట్‌గన్‌లోంచి (సెంటర్‌కు కొన్ని గజాల వెనక నిలబడి) స్లాంట్, హిచ్, స్క్రీన్ లాంటి పొట్టి పాస్‌లు, రెండున్నర సెకన్లలోపే బంతి చేతిలోంచి పోతుంది. 2020లో పిట్స్‌బర్గ్ ఇదే చేసింది. బెన్ రాత్లిస్‌బర్గర్ సీజన్ మొత్తంలో 13 సాక్‌లే తిన్నాడు, జట్టు 11-0తో మొదలైంది. కానీ ఆ లైన్ బాగుపడలేదు, దాక్కుంది. రన్ ఆట మ్యాచ్‌కు 84.4 గజాలతో లీగ్‌లో అట్టడుగుకు పోయింది. లోతైన పాస్ రాదని తెలిశాక సేఫ్టీలు (వెనక కాపలా కాసే డిఫెన్స్ ఆటగాళ్లు) ముందుకొచ్చి కూర్చున్నారు. డిసెంబరులో ఓటములు మొదలై, 12-4తో ప్లేఆఫ్స్‌కు వెళ్లి మొదటి మ్యాచ్‌లోనే క్లీవ్‌ల్యాండ్ చేతిలో 48-37తో ఇంటికొచ్చారు.

టైట్ ఎండ్‌తోనో (బ్లాక్ చేస్తూ పాస్ కూడా పట్టేవాడు), రన్నింగ్ బ్యాక్‌తోనో రషర్‌ను దారిలో ఒక దెబ్బ కొట్టించడం, అంటే చిప్, బలహీనమైన టాకిల్‌కు సులువైన సాయం. చిప్ చేసినవాడు తన రూట్‌లోకి ఆలస్యంగా వెళ్తాడు, అంతే నష్టం. ఆరుగురు, ఏడుగురిని బ్లాకింగ్‌కు ఉంచేస్తే నష్టం పెద్దది: ముగ్గురో నలుగురో రిసీవర్లు ఏడుగురు కాపలాదార్ల మధ్య ఖాళీ వెతుక్కోవాలి. మూడో డౌన్ (10 గజాలకు దక్కే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఎక్కువ గజాలప్పుడు తప్ప అది నిలవదు.

ప్లే-యాక్షన్, బూట్‌లెగ్‌లు (విసిరేముందు క్వార్టర్‌బ్యాక్ పక్కకు పరిగెత్తడం) రషర్ కాళ్లను ఒక్క క్షణం ఆపుతాయి, విసిరే చోటును మారుస్తాయి. ఇవి మొదటి డౌన్‌లో పనిచేస్తాయి, మూడో డౌన్ 9 గజాలప్పుడు ఎవరూ నమ్మరు. అందుకే బలహీనమైన లైన్ ఉన్న జట్టు అసలు పని మూడో డౌన్‌ను 4 గజాల లోపుకు తెచ్చుకోవడం. మొదటి డౌన్‌లో హోల్డింగ్ (ప్రత్యర్థిని పట్టుకున్నందుకు శిక్ష) పడి 10 గజాలు వెనక్కి పోయిందంటే ఆ డ్రైవ్‌లో సాక్ పడే అవకాశం అక్కడే పుట్టింది.

రన్ ఆటలోనూ పొంతన చూడాలి. తేలికగా, చురుగ్గా పక్కకు పరిగెత్తగలిగే లైన్‌మెన్‌కు వైడ్ జోన్, బరువుతో నేరుగా తోసేవాళ్లకు గ్యాప్ బ్లాకింగ్. 330 పౌన్ల గార్డులను కొని వైడ్ జోన్ ఆడించే జట్టు తన తప్పును ఆటగాళ్ల మీద తోస్తుంది.

## కోచ్, స్థానాల మార్పు

లైన్ కోచ్ అందరికన్నా చౌకైన మార్పు, అభిమానులు అందరికన్నా తక్కువ మాట్లాడేది. 2013 నుంచి చాలా ఏళ్లు ఫిలడెల్ఫియా లైన్‌ను దిద్దిన జెఫ్ స్టౌట్‌లాండ్ చేతిలో రెండు సంగతులు జరిగాయి. ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఆడుతూ, అమెరికన్ ఫుట్‌బాల్ ఎన్నడూ ఆడని జోర్డన్ మైలాటాను 2018లో ఏడో రౌండు 233వ పిక్‌తో తీసుకుని లెఫ్ట్ టాకిల్‌గా తయారుచేశారు. న్యూయార్క్ జెట్స్‌లో టాకిల్‌గా నిలవలేకపోయిన బెక్టన్‌ను 2024లో రైట్ గార్డ్‌గా మార్చి సూపర్ బౌల్ గెలిచారు.

టాకిల్ నుంచి గార్డ్‌కు జరగడం సాధారణంగా కలిసొస్తుంది. కాపు కాయాల్సిన జాగా తగ్గుతుంది, రెండు పక్కలా తోడుంటుంది. గార్డ్‌ను టాకిల్‌గా జరపడం దానికి ఎదురు. 2024 చివర్లో కాన్సాస్ సిటీ లెఫ్ట్ టాకిల్ దొరక్క తన మేటి గార్డ్ తూనీని అంచుకు జరిపింది. అతను కష్టపడి నెట్టుకొచ్చాడు, కానీ గార్డ్ చోటు ఖాళీ అయింది. సూపర్ బౌల్‌లో ఫిలడెల్ఫియా ఒక్క బ్లిట్జ్ (అదనపు రషర్లతో దాడి) కూడా పంపకుండా నలుగురితోనే 6 సాక్‌లు చేసి 40-22తో గెలిచింది.

కోచ్ ఏం బాగుచేయగలడు, ఏం చేయలేడు అన్నది కూడా తెలియాలి. చేతులు ఆలస్యంగా, వెడల్పుగా వేయడం, మొదటి అడుగులో మరీ బయటికి పోయి లోపలి దారి వదిలేయడం, నడుము వంచి ముందుకు తూలడం: ఇవన్నీ సాధనతో తగ్గుతాయి. పొట్టి చేతులు, నిదానమైన పాదాలు తగ్గవు.

## అన్నీ కలిపి చేసిన జట్టు

2021 ఫిబ్రవరి 7న సూపర్ బౌల్‌లో కాన్సాస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ 56 డ్రాప్‌బ్యాక్‌లలో (విసరడానికి వెనక్కి జరిగిన సందర్భాల్లో) 29 సార్లు ఒత్తిడికి గురయ్యాడు, ఆ వేదిక మీద అది రికార్డు. టాకిల్స్ ఎరిక్ ఫిషర్, మిచెల్ ష్వార్ట్జ్ ఇద్దరూ గాయాలతో లేరు. టాంపా బే 31-9తో గెలిచింది. సాక్‌లు మాత్రం మూడే. సాక్‌లు చూసి లైన్‌ను లెక్కకట్టకూడదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మార్చిలో కాన్సాస్ సిటీ ఆ ఇద్దరు టాకిల్స్‌నూ వదిలేసింది. తూనీని 5 ఏళ్లకు 8 కోట్లకు కొంది. 31వ పిక్‌తో పాటు మరికొన్ని ఇచ్చి బాల్టిమోర్ నుంచి ఓర్లాండో బ్రౌన్ జూనియర్‌ను ట్రేడ్‌లో తెచ్చింది. రెండో రౌండు 63వ పిక్‌తో హంఫ్రీ. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర వల్ల కిందికి జారిన ట్రే స్మిత్ ఆరో రౌండు 226వ పిక్‌కు దొరికాడు. సెప్టెంబరులో ఐదుగురూ కొత్తవాళ్లే. రెండేళ్ల తర్వాత, రెగ్యులర్ సీజన్‌లో 70 సాక్‌లు చేసిన ఫిలడెల్ఫియా ఎదుట సూపర్ బౌల్‌లో ఒక్క సాక్ కూడా ఇవ్వకుండా 38-35తో గెలిచారు.

ఇందులో నిలిచింది ఏది, పోయింది ఏది? డ్రాఫ్ట్‌లో వచ్చిన ఇద్దరూ నిలిచారు. ట్రేడ్‌లో వచ్చిన బ్రౌన్ దీర్ఘకాల ఒప్పందం కుదరక 2023లో 4 ఏళ్లకు 6.4 కోట్లతో సిన్సినాటికి వెళ్లాడు. లెఫ్ట్ టాకిల్ చోటు మళ్లీ ఖాళీ అయింది. పైన చెప్పిన 2024 గొడవకు మూలం అక్కడే ఉంది.

## మీ జట్టు ఎలాంటిది

రూకీ క్వార్టర్‌బ్యాక్, చేతిలో క్యాప్ ఉంది. షికాగో దారి. లోపలి మూడు చోట్లు అనుభవజ్ఞులతో మార్చిలోనే నింపండి, టాకిల్‌ను డ్రాఫ్ట్‌కు వదలండి. రూకీకి ముందు కావాల్సింది సెంటర్: ప్రొటెక్షన్ పిలుపుల భారం అతను మోస్తే పిల్లవాడు కవరేజ్ చదువుకుంటాడు.

క్వార్టర్‌బ్యాక్ జీతం క్యాప్‌ను తినేస్తోంది. ప్రతి ఏటా రెండు నుంచి నాలుగు రౌండ్ల మధ్య ఒక లైన్‌మన్, అవసరం ఉన్నా లేకపోయినా. ఇద్దరికి మించి పెద్ద జీతాలు వద్దు. ఎవరిని పోనివ్వాలో ఏడాది ముందే తెలిసి ఉండాలి.

క్వార్టర్‌బ్యాక్‌కు ఇంకా రెండేళ్ల ఆటే ఉంది. విట్‌వర్త్ లాంటి పెద్ద వయసు టాకిల్, తక్కువ గ్యారంటీ. దొరక్కపోతే ట్రేడ్, కానీ కాంట్రాక్ట్ ఖాయమైతేనే పిక్‌లు ఇవ్వాలి.

జట్టంతా శిథిలం. టాకిల్‌తో మొదలుపెట్టండి. 2021లో సిన్సినాటి 5వ పిక్‌తో సూవెల్‌ను కాదని రిసీవర్ జమార్ చేజ్‌ను తీసుకుంది, చేజ్ వాళ్లను ఆ ఏడాదే సూపర్ బౌల్‌కు మోసుకెళ్లాడు. ఆ ఎంపికను తప్పనలేం. అయితే చేజ్ లాంటి రిసీవర్ ప్రతి డ్రాఫ్ట్‌లో ఉండడు. సందేహం ఉన్నప్పుడు పదేళ్లు నిలిచే టాకిల్ వైపే మొగ్గాలి.

అక్టోబరు వచ్చేసింది, లైన్ పడిపోయింది. ట్రేడ్ గడువు 9వ వారం తర్వాత ముగుస్తుంది, ఆ సమయంలో మంచి టాకిల్‌ను ఎవరూ అమ్మరు. బలహీనమైన వైపుకే సెంటర్‌ను స్లైడ్ చేయించండి (జరిపించండి), అవతలి టాకిల్‌కు చిప్ ఇవ్వండి. ప్రత్యర్థి స్టేడియాల్లో సైలెంట్ కౌంట్ (గోలలో మాట వినపడనప్పుడు సైగతో స్నాప్ చేయడం) లయను మ్యాచ్ మధ్యలో రెండు మూడుసార్లు మార్చండి, లేకపోతే సెంటర్ తల ఊపు చూసి రషర్ ముందే కదులుతాడు. ప్రతి వారం ఐదుగురిని కలియబెట్టే అలవాటు మానండి. మరీ ఘోరంగా ఉన్న ఒక్కణ్ని మార్చి, మిగతా నలుగురినీ ఉన్నచోటే ఉంచండి. మ్యాచ్ రోజు కనీసం 8 మంది లైన్‌మెన్‌ను యాక్టివ్‌గా పెడితే 47 బదులు 48 మందిని దించే వీలు నియమాల్లోనే ఉంది. ఆ ఎనిమిదో మనిషి గార్డ్‌గానూ సెంటర్‌గానూ ఆడగలవాడై ఉండాలి. సెంటర్ పడిపోయిన రోజు స్నాప్ వేయడం వచ్చినవాడు ఇంకొకడు లేకపోతే పైన చెప్పిన ఉపాయాల్లో ఒక్కటీ మొదలు కాదు.